లినక్స్‌లో స్లీప్, హైబర్నేట్: ముందు కెర్నెల్‌ని అడగండి, తర్వాతే మూత వేయండి

సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ మూత వేసి, బ్యాగులో పెట్టి రైలెక్కాను. కాజీపేట దాటాక బ్యాగు మీద చెయ్యి పడితే ఇస్త్రీపెట్టెను ముట్టుకున్నట్టు అనిపించింది. తీసి చూస్తే ఫ్యాను గిర్రున తిరుగుతోంది, బ్యాటరీ 9 శాతానికి వచ్చింది. మూత వేస్తే నిద్రపోతుందని అనుకున్నది నేను. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ఆ ఉద్దేశమే లేదు.

ఆ తర్వాత డెస్క్‌టాప్ సెట్టింగుల్లో మీటలు అటూ ఇటూ తిప్పుతూ రెండు రోజులు వృథా చేశాను. ఆ సెట్టింగులు పైపైన ఉండేవి. నిద్ర అనేది కెర్నెల్, పరికరాలను నడిపే డ్రైవర్లు, మదర్‌బోర్డులో ఉండే బయోస్ కలిసి చేసే పని. వాటిలో ఎవరు మొరాయిస్తున్నారో కెర్నెలే చెబుతుంది, అడగడం తెలియాలంతే. ఈ మార్గదర్శి ఆ అడగడం గురించే.

ఒక మాట. కమాండ్లు, ఫైళ్ల పేర్లు చదివేటప్పుడు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేది మాత్రం మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే, అన్నీ చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాలు కావలసిన చోట ఆ సంగతి చెబుతాను. దాదాపు ప్రతి కమాండ్‌కీ రూట్ అధికారం, అంటే మెషిన్ మీద పూర్తి అధికారం కావాలి కాబట్టి, ముందే టెర్మినల్లో "సుడో -ఐ" కొట్టి రూట్‌లోకి వెళ్లి కూర్చోండి. పని మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. హైబర్నేట్ పరీక్షల్లో మెషిన్ బిగుసుకుపోవడం మామూలే.

1. ఏ నిద్ర ఏమిటి

కెర్నెల్‌కి తెలిసిన నిద్రల్లో ఇప్పటి ల్యాప్‌టాప్‌కి పనికొచ్చేవి మూడు.

మొదటిది ఎస్2ఐడిల్. దీన్ని కోడినిద్ర అనుకోవచ్చు. ప్రోగ్రాములన్నిటినీ ఆపేసి, పరికరాలను పడుకోబెట్టి, ప్రాసెసర్‌ను వీలైనంత లోతైన ఖాళీ స్థితిలోకి పంపుతుంది. మెషిన్ మాత్రం సాంకేతికంగా ఆన్‌లోనే ఉంటుంది. 2013లో వచ్చిన 3.9 కెర్నెల్‌తో ఇది లినక్స్‌లోకి వచ్చింది. విండోస్ వైపు మోడ్రన్ స్టాండ్‌బై అనేది ఈ కోవలోదే.

రెండోది డీప్, ఏసీపీఐ అనే పవర్ ప్రమాణం భాషలో ఎస్3. ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. మెషిన్ నడిపే బాధ్యతను కెర్నెల్ బయోస్‌కి అప్పగించేస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లు మూత వేసి రెండు రోజులు వదిలేసినా బ్యాటరీ మిగిలేది దీని చలవే.

మూడోది హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా ఇమేజ్‌గా చేసి స్వాప్‌లో (ర్యామ్‌కి తోడుగా డిస్క్ మీద కేటాయించే చోట్లో) రాసి, పూర్తిగా ఆఫ్ అయిపోతుంది. కరెంటు అక్కర్లేదు. తిరిగి ఆన్ చేసినప్పుడు కొత్తగా బూట్ అయిన కెర్నెల్ ఆ ఇమేజ్‌ని చదివి, పాత కెర్నెల్‌ని దాని చోట కూర్చోబెట్టి తాను తప్పుకుంటుంది. ఇదెలా పనిచేస్తుందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

డెస్క్‌టాప్ వాడేవాళ్లకి నాలుగోది కూడా ఉంది: హైబ్రిడ్. ఇమేజ్‌ని డిస్క్ మీద రాసేసి, ఆఫ్ కాకుండా ర్యామ్ నిద్రలోకి వెళ్తుంది. కరెంటు ఉంటే చటుక్కున లేస్తుంది, పోతే డిస్క్ నుంచి లేస్తుంది. వేసవి కోతల్లో చిన్న యూపీఎస్ మీద బతికే డెస్క్‌టాప్‌కి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

2. మీ మెషిన్‌కి ఏది చేతనవునో చూడండి

క్యాట్ /సిస్/పవర్/స్టేట్

క్యాట్ అంటే ఫైలులో ఉన్నది చూపించే కమాండ్. జవాబుగా "ఫ్రీజ్ మెమ్ డిస్క్" అని వస్తే మూడూ ఉండే అవకాశం ఉంది. ఫ్రీజ్ అంటే ఎస్2ఐడిల్. డిస్క్ అంటే హైబర్నేట్. మెమ్ అన్నది మాత్రం కాస్త జారుడు మాట. అది దేన్ని సూచిస్తుందో ఇంకో ఫైలు నిర్ణయిస్తుంది.

క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్

ఇక్కడ ఎస్2ఐడిల్, డీప్ రెండూ కనబడి, ఒకటి చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. మూత వేస్తే జరిగేది ఆ బ్రాకెట్లలో ఉన్నదే. డీప్ అన్న మాటే లేకపోతే మీ బయోస్ ఎస్3ని చూపడం లేదని అర్థం. కొన్ని థింక్‌ప్యాడ్‌ల బయోస్‌లో స్లీప్ స్టేట్ అనే చోట విండోస్ 10, లినక్స్ అని రెండు ఎంపికలు ఉంటాయి. లినక్స్ ఎంచుకుంటే ఎస్3 బయటికొస్తుంది. చాలా కొత్త మెషిన్లలో ఆ ఎంపికే ఉండదు. అప్పుడు కెర్నెల్ మీద ఎంత కుస్తీ పట్టినా డీప్ రాదు, ఎస్2ఐడిల్‌నే సరిగ్గా నడిపించుకోవాలి.

రెండూ ఉంటే తాత్కాలికంగా మార్చి చూడండి (ఎకో ఇచ్చిన మాటను ఆ ఫైల్లో రాస్తుంది):

ఎకో డీప్ > /సిస్/పవర్/మెమ్_స్లీప్

ఇది రీబూట్‌తో పోతుంది. నాలుగైదు రోజులు వాడి బాగుందనిపిస్తే శాశ్వతం చేయండి. కెర్నెల్‌ని బూట్ చేసే ప్రోగ్రాము గ్రబ్. దాని /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలు తెరిచి, గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డీఫాల్ట్ అన్న పెద్ద అక్షరాల వరుసలో కొటేషన్ల లోపల, ఉన్నవాటి పక్కన ఇది చేర్చండి:

మెమ్_స్లీప్_డీఫాల్ట్=డీప్

ఉబుంటు, డెబియన్‌లలో "అప్‌డేట్-గ్రబ్" కొట్టాలి. ఫెడోరాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్‌తో గానీ గ్రబ్బీతో గానీ అదే పని జరుగుతుంది.

స్టేట్ ఫైల్లో డిస్క్ అన్న మాట కనబడకపోతే మొదట అనుమానించాల్సింది సెక్యూర్ బూట్‌ని, అంటే సంతకం లేని కోడ్‌ని బూట్ కానివ్వని ఏర్పాటుని. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల) కెర్నెల్ లాక్‌డౌన్‌లోకి వెళ్లి హైబర్నేట్‌ని మూసేస్తుంది. కారణం సబబైనదే. స్వాప్‌లోని ఇమేజ్‌కి సంతకం ఉండదు. దాన్ని ఎవరైనా మార్చి పెడితే, లేచేటప్పుడు వాళ్ల కోడ్ నేరుగా కెర్నెల్ అయి కూర్చుంటుంది. /సిస్/కెర్నెల్/సెక్యూరిటీ/లాక్‌డౌన్ ఫైలు చదివితే ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. సెక్యూర్ బూట్ కావాలా, హైబర్నేట్ కావాలా అన్నది మీ నిర్ణయం. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లని అడక్కుండా సెక్యూర్ బూట్ తీసేయకండి.

3. కెర్నెల్ సొంతంగా కంపైల్ చేసేవాళ్లకి

డిస్ట్రో కెర్నెల్ వాడేవాళ్లు ఇది దాటేయొచ్చు. మెనూకాన్ఫిగ్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అండ్ ఏసీపీఐ ఆప్షన్స్ కిందికి వెళ్లండి. కాన్ఫిగ్_సస్పెండ్, కాన్ఫిగ్_హైబర్నేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి. కాన్ఫిగ్_పీఎం_డీబగ్ కూడా పెట్టేయండి, కింద చెప్పబోయే పరీక్షలకు అదే ఆధారం. కాన్ఫిగ్_పీఎం_ఎస్‌టీడీ_పార్టిషన్‌లో స్వాప్ పార్టిషన్ పేరు కంపైల్ చేసేటప్పుడే రాసిపెట్టొచ్చు గానీ, దాన్ని ఖాళీగా వదిలి బూట్ లైనులో ఇవ్వడమే మేలు. డిస్క్ మారినప్పుడల్లా కెర్నెల్ మళ్లీ వండుకోవడం ఎవరికి ఓపిక? పేర్లన్నీ కెర్నెల్ ఫైళ్లలో పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

4. నిద్రను మెట్టుమెట్టుగా పరీక్షించండి

అసలు పని ఇక్కడే. నిద్రలోకి వెళ్లేటప్పుడు కెర్నెల్ ఒక వరుస పాటిస్తుంది. డిస్క్‌కి రాయాల్సినవి రాసేసి, ప్రోగ్రాములను గడ్డకట్టిస్తుంది. దానికి 20 సెకన్ల గడువు ఉంటుంది. ఆ లోగా ఏదైనా ప్రోగ్రాము ఆగకపోతే నిద్ర ప్రయత్నమే మానుకుంటుంది. తర్వాత ఒక్కొక్క డ్రైవర్‌కీ పడుకోమని చెబుతుంది. ఆపైన బయోస్‌ని సిద్ధం చేసి, మొదటి ప్రాసెసర్ తప్ప మిగతావాటిని ఆపి, చివరికి కీలక భాగాలను ఆపుతుంది. ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర తడబడుతోందో పీఎం_టెస్ట్ ఫైలుతో పట్టుకోవచ్చు.

ఎకో ఫ్రీజర్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్
ఎకో మెమ్ > /సిస్/పవర్/స్టేట్

ప్రోగ్రాములు ఆగి, 5 సెకన్ల తర్వాత మళ్లీ నడుస్తాయి. నిజంగా నిద్రపోదు, ఇది రిహార్సల్. బాగుంటే ఫ్రీజర్ స్థానంలో డివైసెస్ పెట్టి మళ్లీ చేయండి. తర్వాత ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్, ఇదే క్రమంలో. ఎస్2ఐడిల్ అయితే ప్లాట్‌ఫామ్ వరకు చాలు, అందులో ప్రాసెసర్లను ఆపే మెట్టు లేదు. పరీక్షలయ్యాక "ఎకో నన్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్" కొట్టడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను. ల్యాప్‌టాప్ 5 సెకన్లకే ఎందుకు లేస్తోందో తెలియక అరగంట తల గోక్కున్నాను.

ఫ్రీజర్ దగ్గరే ఆగితే, కెర్నెల్ లాగ్ చూపే డీమెస్గ్ కమాండ్‌లో ఆ మొండి ప్రోగ్రాము పేరు ఉంటుంది. ఎక్కువసార్లు తెగిపోయిన నెట్‌వర్క్ డ్రైవ్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ప్రోగ్రామే అవుతుంది. ఆ డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేస్తే సరిపోతుంది.

డివైసెస్ దగ్గర పోతే దోషి డ్రైవర్. సగం మాడ్యూళ్లు (విడిగా తీసి పెట్టగల డ్రైవర్లు) తీసేసి పరీక్షించండి. బాగైతే దోషి తీసేసిన సగంలో ఉంది, కాకపోతే మిగిలిన సగంలో ఉంది. దాన్ని మళ్లీ సగం చేయండి. వై-ఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్ నుంచి మొదలుపెడితే తొందరగా తేలుతుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ వాడుతుంటే వీడియో మెమొరీని కాపాడే ప్రిజర్వ్ వీడియో మెమొరీ ఆప్షన్‌నీ, దాంతో వచ్చే సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులనూ ఆన్ చేశారో లేదో ముందు చూడండి.

రిహార్సల్స్ అన్నీ పాసైతే అసలు నిద్ర. కానీ పవర్ బటన్‌తో లేపడం మీద ఆధారపడకండి, అలారం పెట్టుకుని పడుకోబెట్టండి:

ఆర్‌టీసీవేక్ -ఎం మెమ్ -ఎస్ 60

60 సెకన్లకు మదర్‌బోర్డు గడియారమే లేపుతుంది. ఇందులో "ఎం" గానీ "ఎస్" గానీ ఒక్క చిన్న అక్షరమే. ఇలా పదిసార్లు వరసగా చేయండి. ఒకసారి లేస్తే పాసైనట్టు కాదు. ఏడోసారి వై-ఫై మాయమయ్యే మెషిన్లు ఉంటాయి.

పడుకుని మళ్లీ లేవకపోతే? అప్పుడు లాగ్ కూడా దొరకదు, ఎందుకంటే రాయడానికి డిస్క్ మేల్కొనలేదు. దానికి ఒక గడుసు ఉపాయం ఉంది. "ఎకో 1 > /సిస్/పవర్/పీఎం_ట్రేస్" కొట్టి నిద్రపుచ్చండి. ఎంతవరకు వచ్చిందో ఆ గుర్తును కెర్నెల్ మదర్‌బోర్డు గడియారంలో దాచిపెడుతుంది. కరెంటు పోయినా మిగిలే చోటు అదొక్కటే మరి. బిగుసుకుపోయాక పవర్ బటన్ నొక్కి ఆపి, మూడు నిమిషాలలోపు మళ్లీ బూట్ చేసి డీమెస్గ్‌లో మ్యాజిక్ నంబర్ అన్న వరుస వెతకండి. దాని దగ్గరే ఏ పరికరంతో సరిపోలిందో ఉంటుంది. తేదీ, సమయం మాత్రం పిచ్చిపిచ్చిగా మారిపోతాయి, సరిచేసుకోవాలి. ఇది ఇంటెల్, ఏఎండీ పీసీలకే పనికొస్తుంది.

5. కోడినిద్ర పోతోందా, నటిస్తోందా

ఎస్2ఐడిల్‌లో పెద్ద మోసం ఇక్కడుంది. స్క్రీన్ ఆరిపోతుంది, ప్రోగ్రాములు ఆగుతాయి, లాగ్‌లో సస్పెండ్ ఎంట్రీ అని కూడా పడుతుంది. కానీ ఏదో ఒక పరికరం పూర్తిగా పడుకోకపోతే చిప్ మొత్తం లోతైన స్థితికి దిగదు. నా రైలు ప్రయాణంలో జరిగింది అచ్చంగా ఇదే.

ఇంటెల్ మెషిన్లలో నిద్రకు ముందు, తర్వాత ఈ ఫైలు చదవండి:

/సిస్/కెర్నెల్/డీబగ్/పీఎంసీ_కోర్/ఎస్‌ఎల్‌పీ_ఎస్0_రెసిడెన్సీ_యూసెక్

చిప్ నిజంగా లోతైన నిద్రలో గడిపిన మైక్రోసెకన్లు అందులో ఉంటాయి. గంట పడుకోబెట్టాక ఆ అంకె గంటకు దగ్గరగా పెరగాలి. కదలకపోతే నిద్ర నటించినట్టే. ఏఎండీలో దీనికి ఏఎండీ_పీఎంసీ ఫోల్డర్‌లోని ఎస్0ఐఎక్స్_స్టాట్స్ చూడాలి. నా మెషిన్‌లో ఆ అంకె సున్నా దగ్గరే ఉండిపోయింది. తగిలించి మర్చిపోయిన యూఎస్‌బీ డాంగిల్ తీసేసి బయోస్ అప్‌డేట్ చేశాక కదిలింది. రెంటిలో ఏది పనిచేసిందో విడివిడిగా చూడకపోవడం నా పొరపాటే. మీరు ఒక్కోసారి ఒక్కటే మార్చండి.

6. పిలవకుండానే లేస్తుంటే

అర్ధరాత్రి టేబుల్ మీద ల్యాప్‌టాప్ దానంతట అదే వెలిగితే, "క్యాట్ /ప్రాక్/ఏసీపీఐ/వేకప్" చేసి ఎనేబుల్డ్ అని ఉన్నవాటిని చూడండి. ఎక్స్‌హెచ్‌సీ అన్నది యూఎస్‌బీ కంట్రోలర్. మౌస్ కాస్త కదిలినా లేపేది అదే. దాని పేరును పెద్ద అక్షరాల్లో ఎకో చేసి అదే ఫైలులోకి పంపితే డిసేబుల్ అవుతుంది. మళ్లీ పంపితే ఎనేబుల్ అవుతుంది, స్విచ్ లాంటిది. లేచిన వెంటనే /సిస్/పవర్/పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ చదివితే లేపిన ఇంటరప్ట్ నంబరు దొరుకుతుంది. ఆ నంబరు ఎవరిదో /ప్రాక్/ఇంటరప్ట్స్‌లో ఉంటుంది. ఎక్స్‌హెచ్‌సీని డిసేబుల్ చేసిన మార్పు రీబూట్‌తో పోతుంది కాబట్టి, బూట్ అయినప్పుడల్లా నడిచే చిన్న సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టుకోండి. కీబోర్డు కూడా యూఎస్‌బీదే అయితే దాంతో లేపలేరని గుర్తుంచుకోండి.

7. హైబర్నేట్ కోసం స్వాప్

ముందు "స్వాప్ఆన్ --షో" కొట్టండి. జెడ్‌ర్యామ్ ఒక్కటే కనబడితే అది పనికిరాదు. జెడ్‌ర్యామ్ ఉండేది ర్యామ్‌లోనే, కరెంటు పోతే దాంతోపాటే ఇమేజూ పోతుంది. ఫెడోరా 33 నుంచి డీఫాల్ట్‌గా వచ్చేది అదే. ఉబుంటులో 17.04 నుంచి స్వాప్ ఫైలు వస్తోంది గానీ, హైబర్నేట్‌కి చాలినంత పెద్దగా సాధారణంగా ఉండదు.

ఎంత కావాలి? కెర్నెల్ ఇమేజ్‌ని ర్యామ్‌లో 5లో 2 వంతులకు కుదించాలని చూస్తుంది, అంటే 16 జీబీ ర్యామ్‌కి దాదాపు 6.4 జీబీ. /సిస్/పవర్/ఇమేజ్_సైజ్‌లో ఆ అంకె ఉంటుంది. అది లక్ష్యమే, హద్దు కాదు. పైగా స్వాప్‌లో అప్పటికే వేరే సరుకు ఉండొచ్చు. అందుకే ర్యామ్ ఎంతో స్వాప్ అంత పెట్టుకోమంటాను. డిస్క్ మీద 16 జీబీ కోసం పిసినారితనం చేసి, చోటు చాల్లేదన్న ఎర్రర్ బ్యాటరీ అయిపోతున్న వేళ చూడటం ఎందుకు?

ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద 16 జీబీ ఫైలు ఇలా:

డీడీ ఇఫ్=/డెవ్/జీరో ఆఫ్=/స్వాప్‌ఫైల్ బీఎస్=1ఎం కౌంట్=16384
సీహెచ్‌మాడ్ 600 /స్వాప్‌ఫైల్
ఎంకేస్వాప్ /స్వాప్‌ఫైల్
స్వాప్ఆన్ /స్వాప్‌ఫైల్

1ఎం లోని ఎం పెద్ద అక్షరం. ఆఫ్= దగ్గర పొరపాటున డిస్క్ పేరు పడితే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఎంటర్ కొట్టేముందు రెండోసారి చదవండి. బూట్ అయినప్పుడల్లా ఆ స్వాప్ ఆన్ అయ్యేలా /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో చేర్చండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు డీడీ జోలికి పోకుండా "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఎంకేస్వాప్‌ఫైల్" వాడండి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్లకి ఒక చిక్కు. ప్రతి బూట్‌లోనూ కొత్త తాళంతో స్వాప్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు ఉంటే హైబర్నేట్ కుదరదు, లేచేసరికి పాత తాళం ఉండదు. స్థిరమైన పాస్‌వర్డ్ ఉన్న ఎన్‌క్రిప్టెడ్ డిస్క్ లోపలే స్వాప్ ఉండాలి. ఎన్‌క్రిప్షన్ లేని స్వాప్‌లో హైబర్నేట్ చేస్తే మీ ర్యామ్‌లోని పాస్‌వర్డ్‌లతో సహా డిస్క్ మీద పడి ఉంటాయి.

8. ఎక్కడి నుంచి లేవాలో చెప్పండి

స్వాప్ పార్టిషన్ అయితే గ్రబ్ లైనులో రెజ్యూమ్=యూయూఐడీ= అని (ఇందులో యూయూఐడీ పెద్ద అక్షరాల్లో) పెట్టి దాని యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్‌ని గుర్తించే ప్రత్యేక సంఖ్య ఇస్తే చాలు. "బీఎల్‌కేఐడీ" కమాండ్‌లో అది దొరుకుతుంది.

స్వాప్ ఫైలు అయితే రెండు ఇవ్వాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెజ్యూమ్ దగ్గర ఇచ్చేది ఆ ఫైలు ఉన్న పార్టిషన్ యూయూఐడీ, ఎంకేస్వాప్ చూపించిన యూయూఐడీ కాదు. రెండోది ఆఫ్‌సెట్, అంటే ఆ పార్టిషన్‌లో ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె.

ఫైల్‌ఫ్రాగ్ -వి /స్వాప్‌ఫైల్

మొదటి వరుసలో, ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద ఉన్న మొదటి అంకె తీసుకోండి, చివర చుక్కలు వదిలేయండి. ఉదాహరణకు 38912 వస్తే గ్రబ్ లైనులో రెజ్యూమ్_ఆఫ్‌సెట్=38912 అవుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్‌ఫ్రాగ్ ఇచ్చే అంకె తప్పు. "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్" ఇచ్చేదే వాడాలి. స్వాప్ ఫైలు తీసేసి మళ్లీ చేస్తే ఆఫ్‌సెట్ మారుతుంది, గ్రబ్ లైనూ మార్చాలి.

బూట్ తొలి దశలో నడిచే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కీ ఈ సంగతి తెలియాలి. ఉబుంటు, డెబియన్‌లలో "అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ" చాలు. ఆర్చ్‌లో బిజీబాక్స్ ఆధారిత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే ఎంకేఇనిట్‌సీపీఐఓ హుక్స్‌లో రెజ్యూమ్‌ని యూడెవ్ తర్వాత చేర్చాలి. ఫెడోరాలో డ్రాకట్‌కి రెజ్యూమ్ మాడ్యూల్ చేర్చాలి. గ్రబ్ లైను మార్చారు కాబట్టి 2లో చెప్పినట్టు గ్రబ్‌నీ అప్‌డేట్ చేయండి. తర్వాత రీబూట్.

ఇప్పుడు పరీక్ష. ఆఫ్ కాకుండానే ఇమేజ్ రాసి, వెంటనే చదివి లేచే పద్ధతి ఉంది:

ఎకో టెస్ట్_రెజ్యూమ్ > /సిస్/పవర్/డిస్క్
ఎకో డిస్క్ > /సిస్/పవర్/స్టేట్

ఇది పాసైతే డ్రైవర్లు, స్వాప్ రెండూ బాగున్నట్టే. తర్వాత "ఎకో ప్లాట్‌ఫామ్ > /సిస్/పవర్/డిస్క్" అని మామూలు స్థితికి తెచ్చి, "సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్" కొట్టండి. ఆఫ్ అయ్యే చోట వేలాడితే ప్లాట్‌ఫామ్ బదులు షట్‌డౌన్ పెట్టి చూడండి. ఆఫ్ అయింది గానీ ఆన్ చేస్తే ఖాళీ డెస్క్‌టాప్‌తో కొత్తగా బూట్ అయిందంటే కెర్నెల్‌కి ఇమేజ్ దొరకలేదన్నమాట. తొంభై శాతం అది రెజ్యూమ్ యూయూఐడీ గానీ ఆఫ్‌సెట్ గానీ తప్పే.

9. మూత వేస్తే ఏం జరగాలి

ల్యాప్‌టాప్‌కి నా ఓటు సస్పెండ్-దెన్-హైబర్నేట్‌కే. ముందు మామూలు నిద్ర, కాసేపటికి మెల్లగా లేచి హైబర్నేట్. టీ తాగి వచ్చేసరికి చటుక్కున లేస్తుంది. రాత్రంతా వదిలేస్తే బ్యాటరీ తినదు. /ఈటీసీ/సిస్టమ్‌డీ/స్లీప్.కాన్ఫ్‌లో స్లీప్ విభాగం కింద:

హైబర్నేట్‌డిలేసెక్=45మిన్

/ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్‌లో లాగిన్ విభాగం కింద:

హ్యాండిల్‌లిడ్‌స్విచ్=సస్పెండ్-దెన్-హైబర్నేట్

వీటి పేర్లలో ప్రతి మాట మొదటి అక్షరమూ పెద్దదే. తర్వాత లాగిన్‌డీని రీస్టార్ట్ చేసే సాహసం వద్దు, సెషన్ పోవచ్చు. మెషిన్‌నే రీబూట్ చేయండి. యూపీఎస్ మీద ఉన్న డెస్క్‌టాప్‌కి "సిస్టమ్‌సీటీఎల్ హైబ్రిడ్-స్లీప్" చాలు.

10. రెండు ఓఎస్‌లు ఉన్నవాళ్లకి

హైబర్నేట్ అయిన లినక్స్ తన ఫైల్‌సిస్టమ్‌ను తెరిచిన పుస్తకంలా గుర్తుంచుకుని పడుకుంటుంది. మధ్యలో విండోస్‌లోకో, పెన్‌డ్రైవ్ లినక్స్‌లోకో బూట్ అయి ఆ పార్టిషన్‌లో ఏదైనా రాశారా, లేచిన కెర్నెల్ పాత పేజీల మీద కొత్తవి రాసి ఫైళ్లు పాడుచేస్తుంది. రెండు ఓఎస్‌లూ తాకే ఉమ్మడి పార్టిషన్ ఉంటే హైబర్నేట్‌కి ముందు అన్‌మౌంట్ చేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయండి. అది షట్‌డౌన్ అని పైకి చెప్పి లోపల తన కెర్నెల్‌ని హైబర్నేట్ చేస్తుంది. ఇదే ప్రమాదం అటు నుంచి కూడా ఉంటుంది.